ఊరుబిండి లేని సంగటి

జ్ఞానదంతం పీకించుకున్న ఏడాదికి దాని పక్కనున్న దవడపన్ను కదలడం మొదలైంది. అప్పుడు మేం కళ్యాణదుర్గంలో ఉండేవాళ్లం. అనంతపురం పళ్ల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. పీకిన చోట ఎముక కరిగిపోయి, ఈ పన్నుకు వెనక ఆసరా లేదు.

"ఎముక పొడి నింపి కుట్లేస్తా సార్. ఎముక కట్టుకుంటే పన్ను నిలుస్తుంది. లేకుంటే ఇదీ తీసేయాల్సిందే."

కుట్లు వేశాక, ఆ పక్క నమలొద్దన్నాడు, వారం దాకా ఎక్కువ మాట్లాడొద్దన్నాడు.

"ఆ రెండోది చీటీలో రాసియ్యి సామీ," అంది నా భార్య.

నెల దాటాక సంగటి మెత్తగా చేసి పెట్టింది. తన పళ్లెంలోనూ ఉత్త సంగటి, పప్పు. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు కలిపి దంచిన ఊరుబిండి లేనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు. అడిగితే, "పిత్తం చేస్తాండాది," అంది. నమ్మాను.

కొత్త వేరుశనగ పంట వచ్చింది. ఉడకబెట్టిన చెనిక్కాయలు నేనే ఒలిచి ఆమె చేతిలో పెట్టాను. గిన్నెలో వేసేసింది.

"నీ పన్ను నిలిచేదాకా తిననని మొక్కుకున్నాలే."

మొక్కులకు వ్యతిరేకంగా ఊరూరా వేదికలెక్కి కొట్లాడినవాణ్ణి. నా ఇంట్లోనే మొక్కా! "ఎముక పుట్టేది డాక్టరు పెట్టిన పొడితో. నువ్వు నోరు కట్టుకుంటే కాదు. ఏ దేవుడు అడిగినాడు నిన్ను?"

"దేవునికి కాదప్పా, పన్నుకే మొక్కుకున్నా. డాక్టరు పని డాక్టరు చేసినాడు. నా చేతనైంది నేను చేస్తాండా."

దేవుడు లేని మొక్కును ఖండించే వాదం కోసం ఆ రాత్రి నా పాత ఉపన్యాసాలన్నీ తిరగేశాను.

మళ్లీ ఎక్స్‌రే తీసేసరికి చలికాలమైంది. నల్లగా ఉన్న చోట తెల్లటి నీడ. డాక్టరు పన్నును అటూ ఇటూ నొక్కి చూశాడు. కదల్లేదు. ఇక నమలొచ్చన్నాడు.

బస్టాండులో ఆమె వేయించిన చెనిక్కాయల పొట్లం కొంది. బస్సెక్కి ఒళ్లో పెట్టుకుంది.

"తినుమే!"

"ముందు నువ్వు. ఆ పక్కతోనే."

తింటే ఆమె మొక్కు నా చేతులమీదుగా తీరినట్టే. ఆ మాటే అనబోయాను. అప్పటికే ఆమె ఒక గింజ పొట్టు నలిపి, ఉఫ్‌మని ఊది, నా ముందు చెయ్యి చాపి ఉంది.

ఆ పక్కనే పెట్టుకుని కొరికాను.

"కదిలినాదా?"

"లేదు."

ఆమె గుప్పెడు నోట్లో పోసుకుని, బస్సు ఊరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ నములుతూనే ఉంది.