ఆఖరి పోగు

నా చిన్నప్పుడు వేసవి సెలవులు రాగానే మా అమ్మ నన్ను జువ్వలదిన్నె పక్కన సముద్రం ఒడ్డునున్న మా తాతయ్య ఇంట్లో దించేసి, అదే బస్సులో నెల్లూరు వెళ్ళిపోయేది. ఆమెది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, సెలవు దొరికేది కాదు. ఆ ఊరి పిల్లలు నన్ను టౌను పిల్ల అని ఆటలకు రానిచ్చేవాళ్ళు కాదు. ఎప్పుడైనా రానిస్తే నేను ఊరుకునేదాన్నా? ఏ ఆటైనా నేను చెప్పినట్టే ఆడాలి. అందుకని వచ్చిన రెండో రోజుకే ఒంటరిదాన్నయ్యేదాన్ని. ఇక తాతయ్య వెంట ఇసకలో తిరగడమే నాకు మిగిలిన కాలక్షేపం.

తాతయ్యకు అలివి వల ఉండేది. పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో అర్ధచంద్రంలా వేసి, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల అది. లాగడానికి ఇరవై మందైనా కావాలి. ఎవరినీ ఇంటికెళ్ళి పిలవరు. వల పడిందని చూసి వీలైనవాళ్ళు వచ్చి తాడు పట్టుకుంటారు. వలకూ పడవకూ రావాల్సింది తీసేశాక, మిగిలిన చేపల్ని ఇసక మీద పోగులు పెడతారు. వల ఒడ్డెక్కే లోపల తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ ఒక పోగు.

నాకు పదేళ్ళప్పుడు ఒక రోజు పొద్దున, వల పడ్డప్పటి నుంచీ పెద్దవాళ్ళ మధ్య నిలబడి నేనూ తాడు లాగాను. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. వల దాదాపు ఒడ్డుకు వచ్చేసిన సమయంలో, ఊళ్ళు తిరిగి గాజులమ్మే సాయిబుల అవ్వ ఒకామె అటుగా పోతూ, గంప దించి తానూ ఒక చెయ్యి వేసింది. అయిదు నిమిషాలు కూడా లాగి ఉండదు.

కానాగంత చేపలు బాగానే పడ్డాయి. తాతయ్య నన్ను పిలిచి, "అమ్మణ్ణీ, ఈ పూట పోగులు నువ్వే పెట్టు" అన్నాడు. నాకు గర్వంతో నేల మీద కాలు నిలవలేదు. కష్టపడ్డవాళ్ళకు పెద్దవి, నాకు ఇంకాస్త పెద్దది, చివర్లో అవ్వ కోసం ఒక మూల నాలుగే నాలుగు చేపలు పెట్టాను. తాతయ్య పోగులన్నీ ఒకసారి చూశాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, "నువ్వు ఎండన పడి పోవాల, ముందు నువ్వు తీసుకో అవ్వా" అన్నాడు. మూలనున్న పోగు చూపించి అది అవ్వదని చెప్పాను.

తాతయ్య నవ్వాడు. "పోగుకు పేరుండదమ్మణ్ణీ. ఎవురికి నచ్చింది వాళ్ళు తీసుకుంటారు. పెట్టినోళ్ళు ఆఖర్న తీసుకోవాల."

అవ్వ నేను నాకోసం పెట్టుకున్న పోగునే ఎత్తుకుంది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమకు నచ్చింది తీసుకున్నారు. ఇసక మీద ఆ నాలుగు చేపలే మిగిలాయి. నేను ఏడుస్తూ, ఆమె లాగిందే లేదు గదా అని తాతయ్యతో గొడవ పెట్టుకున్నాను. ఆయన నా చేతులు కడుగుతూ, "మనం అలిసిపోయినప్పుడు వచ్చిందా లేదా? ఇట్లా పోగు పెడితే రేపు మన తాడు పట్టేదానికి ఎవురొస్తారు?" అన్నాడు. ఆ చేపల్ని గౌను అంచులో వేసుకుని ఇంటికి నడిచాను. దారంతా సిగ్గుగా ఉండింది.

అంత బాగా నేర్చుకున్న పాఠాన్ని నేను హాయిగా మరిచిపోయాను. టీచరుగా రిటైరై, మా ఆయన కూడా పోయాక, అల్లూరులో ఒక్కదాన్నే ఉంటూ ఫోనుతో ఒక చిన్న సినిమా తీయాలని పట్టుబట్టాను. చుట్టూ రొయ్యల గుంటలైపోయినా తన ఒక్క వరిమడిని అమ్మనని కూర్చున్న ఆడమనిషి కథ. నగరాల్లో ఇలాంటి సరదా ఉన్నవాళ్ళు గుంపులుగా కలిసి సినిమాలు తీస్తారు. మా ఊళ్ళో వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో అతనూ, చర్చిలో కీబోర్డు వాయించే అమ్మాయీ. అతను మోకాళ్ళ లోతు బురదలో నిలబడి రోజంతా చిత్రీకరించాడు. ఆ అమ్మాయి సంగీతం కట్టింది. అయిదు నిమిషాల ముక్క తయారుచేసి అందరికీ పంపాను. అందులో కథ, కెమెరా, సంగీతం, దర్శకత్వం అన్నిటికీ నా పేరే. చెప్పింది నేనే కదా, వాళ్ళు చేసింది సాయమే కదా అనుకున్నాను. ఆ తర్వాత వాళ్ళు ఫోను ఎత్తలేదు.

ఆ ఆడమనిషి వేషం కూడా నేనే వేసి, ఆరు నెలలు ఒక్కదాన్నే తీశాను. స్టాండు మీద ఫోను పెట్టి, బటను నొక్కి, గట్టు మీదకు పరుగెత్తి, తిరిగొచ్చి చూసుకుంటే నా తల సగమే పడేది. బాగా వచ్చిన రోజైనా, బాగా వచ్చిందని చెప్పడానికి పక్కన మనిషి లేదు. ఈ ఊళ్ళో కళంటే పట్టేవాళ్ళెవరూ లేరని కనిపించినవాళ్ళందరి దగ్గరా వాపోయాను. పోయిన నెలలో చేపల మార్కెట్లో ఒకామె గోతం మీద చేపలు పోగులు పెడుతుంటే చూస్తూ నిలబడిపోయాను. చేపలు కొనకుండానే నేరుగా స్టూడియోకి నడిచాను.

తప్పు నాదేనని అతనికి చెప్పాను. పేర్లు మార్చి ఆ ముక్కను మళ్ళీ పంపుతానని, ముందు మీ ఇద్దరివీ, ఆఖర్న నాదీ వేస్తానని చెప్పాను. అతను స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆ అమ్మాయికీ కబురు పెట్టాను, ఆమె మాత్రం ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా. ఇప్పుడు ఎవరితోనైనా ఏదైనా పని మొదలుపెట్టే ముందు, ఇందులో వాళ్ళ వాటా ఏమిటి అని నన్ను నేను అడుగుతాను, ఆలస్యంగానైనా.

నిన్న అతను నా కథ ముగింపు బాగాలేదని మొహం మీదే అని, తన ముగింపు ఒకటి చెప్పాడు. ఒళ్ళు మండింది, గట్టిగానే పోట్లాడి వచ్చాను. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే తెలిసింది, నాతో ఇంతసేపు పోట్లాడిన మనిషి దొరికి ఎన్నేళ్ళయిందో అని. అతను చెప్పిన ముగింపే బాగుంది.