బూడిదలో పెట్టని పూసలు

చిలకమ్మ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆవిడ మొగుడు శ్రీరామ్మూర్తికి ఇన్నేళ్ళ కాపురంలోనూ తెలీదు. పెరట్లో రేకుల కింద ఏ పనిముట్టు ఏ మేకుకి వేలాడుతుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎందుకంటే వాటిలో సగం అతను ఆటోనగర్ నుంచి మోసుకొచ్చిన తుక్కే. అక్కడొక లేతు షెడ్డులో పని చేసేవాడు. సాయంత్రం సైకిలు దిగగానే మిగతా పెళ్ళాలు మల్లెపూలు తెచ్చావా అని అడిగితే, ఈవిడ ఇనప ముక్కలేం తెచ్చావని అడిగేది. కూర్మన్నపాలెంలో వాళ్ళుండే లైనంతా దీని గురించి నవ్వుకునేది.

ఈ పిచ్చి మొదలైంది బీచి రోడ్డు ఎగ్జిబిషన్లో. ఒకాయన మంట ముందు కూర్చుని గాజుకడ్డీని బెల్లప్పాకంలా సాగదీస్తూ హంసలు చేస్తున్నాడు. చిలకమ్మ జెయింటు వీలూ మానేసింది, పెద్ద అప్పడాలూ మానేసింది. దీపాలార్పేదాకా ఆయన చేతుల వంకే చూస్తూ నిలబడిపోయింది. ఇంటికొచ్చి, హంసలు నా వల్ల కాదు గానీ పూసలు చేస్తానంది. శ్రీరామ్మూర్తి సరే అన్నాడు. రెండు రోజుల్లో మర్చిపోతుందనుకున్నాడు పాపం.

పూసలు చేసే సామాను ఎక్కడమ్ముతారో ఇద్దరికీ తెలీదు. కాబట్టి చేసుకోవడమే. కార్ల సొట్టలు తీసే షెడ్డులో మూలపడిన ఇత్తడి బ్లోల్యాంపు ఒకటి దొరికింది. దాని మూతికి సన్న గొట్టం బిగించి, ఇటుకల మధ్య కదలకుండా కూర్చోబెట్టి, కిరసనాయిలు పోసి పంపు కొడితే నీలం మంట సూదిలా వచ్చింది. కరిగిన గాజుని చుట్టడానికి మొదట సైకిలు పుల్లలు వాడింది. వాటి పూత కాలి పొగ రేగితే తల తిరిగి వసారాలో పడిపోయింది. తర్వాత శ్రీరామ్మూర్తి స్టీలు వెల్డింగు కమ్మీలు తెచ్చాడు. పొగ పోయింది గానీ పూస కమ్మీకి అతుక్కుని రానంటే రానంది. కుమ్మరి బంకమట్టిలో సుద్ద కలిపి కమ్మీకి పూసి ఆరబెట్టాక పూస బుద్ధిగా జారి చేతిలో పడింది. ఫౌండ్రీలో పారేసిన గ్రాఫైటు పలక మీద దొర్లిస్తే గుండ్రమయ్యేది. చదును చెయ్యడానికి పాత పట్టకారు మూతికి తామరపువ్వున్న ఇరవై పైసల ఇత్తడి బిళ్ళలు రెండు అతికించుకుంది. గాజుకేం కొదవ? సోడా సీసాలు, మందు సీసాలు, గాజుల కొట్టువాడు అమ్ముడుపోక విసుక్కున్న గాజులు.

అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసొచ్చింది చల్లార్చడం. అందంగా తయారైన పూస మర్నాటికో, నెల తర్వాతో, ఎవరూ ముట్టుకోకుండానే టిక్కుమని పగిలిపోయేది. లేతు మనిషి కదా, నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని శ్రీరామ్మూర్తి సలహా ఇచ్చాడు. ముంచింది. పొడైంది. చాన్నాళ్ళు ఏడిపించాక అర్థమైంది, గాజుకి తొందర పనికిరాదని. పాత కుండలో సరుగుడు బూడిద నింపి, దాని కింద నిప్పులుంచి, వేడి వేడి బూడిదలో పూసని కప్పెట్టాలి. నిప్పులతో పాటు అదీ రాత్రంతా మెల్లగా చల్లారాలి. అలా తీసిన పూసని గోడకేసి కొట్టినా పగిలేది కాదు. చిలకమ్మ సామాన్లన్నిటిలోకీ ఖర్చు లేనిది ఆ బూడిద కుండే, విలువైనదీ అదే.

ఆ పూసలే ఆవిణ్ణి మళ్ళీ పుట్టింటి గుమ్మం ఎక్కించాయి. చిలకమ్మది యారాడ, చేపల వేటకెళ్ళే ఇల్లు. శ్రీరామ్మూర్తి చీపురుపల్లి అవతల వ్యవసాయం చేసుకునే వాళ్ళబ్బాయి. ఇద్దరూ చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. కొండ దిగి వెళ్ళినదాన్ని యారాడ ఏళ్ళ తరబడి పేరెత్తి పిలవలేదు. తండ్రి పోయినప్పుడు కూడా గుంపు వెనకాల నిలబడి చూసొచ్చింది. చెల్లెలు గంగాలమ్మ ఒక్కతే చాటుమాటుగా వచ్చి పోయేది. ఒకసారి అక్క చేసిన నీలం పూసల దండ వేసుకుని ఊళ్ళోకి వెళ్ళింది. ఆడవాళ్ళు అదెక్కడిదని ముసిరారు. తర్వాత ఏడాది అమ్మవారి పండక్కి చిలకమ్మకి కబురొచ్చింది, రమ్మనీ, వచ్చేటప్పుడు పూసలు తెమ్మనీ. గంగాలమ్మ అత్త మహాలక్ష్మమ్మ, ఊళ్ళో ఎవరికీ తల వంచని మనిషి, తన పక్కన చాప వేసి కూర్చోబెట్టింది. ఆ రోజు చిలకమ్మ ఇంటికొచ్చి శ్రీరామ్మూర్తి ముందు కూర్చుని కడుపారా ఏడ్చింది.

ఆ చనువుతోనే గంగాలమ్మ ఒక కోరిక కోరింది. మెళ్ళో బజారు నల్లపూసలు రంగు పోయి తెల్లబడుతున్నాయి. మొగుడు నూకరాజు ఫిషింగ్ హార్బరు నుంచి మరబోటు మీద వేటకెళ్తాడు, వారం పది రోజులు రాడు.

"నల్లపూసలు నువ్వే సేసీ అప్పా. మావ సముద్రం మీదున్నన్నాళ్ళూ నీ సెయ్యి నా మెళ్ళో ఉన్నట్టుంటాది."

చిలకమ్మ తలంటుకుని, పెరట్లో కళ్ళాపి జల్లి మరీ కూర్చుంది. నల్ల గాజులు తెచ్చింది. ముత్తైదువు మెళ్ళోకి వెళ్ళేదాని కోసం గాజు పగలగొట్టడం మనసొప్పక, గాజుని గాజుగానే మంట అంచున వెచ్చబెట్టి కరిగించింది. మొదటి పూస గుండ్రంగా, కాటుక చుక్కలా దిగింది. కమ్మీ పట్టుకుని బూడిద కుండ దాకా వెళ్ళింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

తాళితో పాటు ఉండేది. బూడిదలో పెట్టడమా? కట్టె కాలాక మిగిలేది అది. ఆడవాళ్ళు కసిగా తిట్టుకునేటప్పుడు నీ కొంప బూడిదైపోనని కదా తిడతారు. నీలం పూసలకీ పచ్చ పూసలకీ ఎన్నడూ రాని ఆలోచన నల్లపూస దగ్గర వచ్చింది. వచ్చిన ఆలోచన పోనంది. యారాడ నుంచి తెచ్చిన తీరపు ఇసక ఇంట్లో ఉంది. మూకుట్లో పోసి పొయ్యి మీద వెచ్చబెట్టి, చిటికెడు పసుపు కలిపి, పూసలన్నీ అందులో పెట్టింది. ఇసక బూడిదంత సేపు వేడి ఆపదని ఆవిడకి తెలుసు. ఈ ఒక్కసారికి అమ్మవారే చూసుకుంటుందనుకుంది. కుండలో పెట్టేవా అని శ్రీరామ్మూర్తి అడిగితే తలూపింది. పూసలు మచ్చ లేకుండా మెరుస్తూ వచ్చాయి. గంగాలమ్మ వాటిని కళ్ళకద్దుకుని గుచ్చుకుంది.

తొంభైల చివర, దీపావళి వెళ్ళాక, సముద్రంలో వాయుగుండం పట్టింది. రేడియోలో హెచ్చరిక విని బోట్లన్నీ హార్బరుకి తిరిగొచ్చాయి. నూకరాజు ఎక్కిన బోటు రాలేదు. మూడోనాడు పొద్దున్నే వీధి చివర ఎస్టీడీ బూతు అబ్బాయి వచ్చి, యారాడ నుంచి ఫోనొచ్చిందని చెప్పాడు. గంగాలమ్మ మెళ్ళో పూసలు పెరిగాయట. పగిలాయన్న మాట ఆ ఇళ్ళల్లో నోట అనరు.

చిలకమ్మ సింధియా దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి కొండ మీదుగా ఆటోలోనూ వెళ్ళింది. దారంతా వాన. గంగాలమ్మ గోడకి చేరగిలి కూర్చుంది. బోటు రాలేదన్నప్పుడు ధైర్యంగానే ఉందట. ముందురోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే పూస రెండు చెక్కలై కాళ్ళ దగ్గర పడిందట. కాసేపటికి ఇంకోటి. అప్పట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, అప్పుడే జరగాల్సింది జరిగిపోయినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

మహాలక్ష్మమ్మ కొంగు ముడి విప్పి చెక్కలు చేతిలో పెట్టింది. చిలకమ్మ వాటిని వెలుతురుకి పెట్టి చూసింది. బెజ్జం దగ్గర మొదలై బయటికి పారిన పగులు. దెబ్బ తగిలి పగిలింది కాదు, తొందరగా చల్లారి పగిలింది. ఇలాంటివి పెరట్లో ఎన్ని ఊడ్చి పారేసిందో. దేవుడు చెప్పిన కబురేం కాదది, తను చేసిన పని.

చెప్పకపోతే చెల్లెలు అన్నం నీళ్ళు లేకుండా గోడకే అతుక్కుపోతుంది. చెప్తే ఇసక మాటతో పాటు బూడిద మాటా చెప్పాలి. ఆ గదిలో కూర్చున్న ప్రతి మెళ్ళోనూ తను చేసిన పూసలున్నాయి. ఇన్నేళ్ళకి వేసిన చాప మళ్ళీ చుట్టేస్తారు. చిలకమ్మ కొంచెం సేపే ఆలోచించింది. చెప్పేసింది, కుండ సంగతీ, ఇసక సంగతీ, ఏదీ దాచకుండా.

మహాలక్ష్మమ్మ మెల్లగా అడిగింది. "అయితే మా పిల్లల మెళ్ళో ఏసినియ్యన్నీ బూడిదలోంచి తీసినియ్యా?"

"అవునత్తా. అయ్యేటీ పగల్లేదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకావిడ మెళ్ళో దండ తీసి గడప పక్కన పెట్టింది. తర్వాత ఇంకొకావిడ. కాసేపట్లో గడప పక్కన నీలం, పచ్చ, తేనెరంగు పూసలు చిన్న పోగయ్యాయి. గంగాలమ్మ మాత్రం అక్క ముఖం వంకే చూస్తోంది.

"నిజంగా ఇసక వల్లేనా అప్పా?"

"ఇసక వల్లే. నా సేతి తప్పు."

"అయితే మావకేటీ కాలేదా?"

పూస ఎందుకు పగిలిందో చిలకమ్మకి తెలుసు. బోటు ఎక్కడుందో తెలీదు. తెలిసింది చెప్పి అక్కడితో నోరు మూసుకోవాలి. కానీ తిండి లేక పీక్కుపోయిన ఆ ముఖం ముందు నోరు మూసుకోవడం ఏ అక్క వల్లవుతుంది?

"ఏటీ కాలేదు. వచ్చేత్తాడు. నువ్వు అన్నం తిను."

గంగాలమ్మ తింది. అక్క కలిపి పెడితే చేపల పులుసు వేసుకుని కంచం ఖాళీ చేసింది. ఆ రాత్రి నిద్ర కూడా పోయింది.

మర్నాడు భీమిలి వాళ్ళ బోటు ఒకటి నూకరాజుతో పనిచేసే వాళ్ళలో ఇద్దర్ని ఒడ్డుకి చేర్చింది. బోటు తిరగబడిందనీ, నూకరాజు విరిగిన చెక్కపలకని పట్టుకుని కాసేపు కనబడి తర్వాత కనబడలేదనీ వాళ్ళు చెప్పారు. గంగాలమ్మ అరవలేదు. తిరిగి అక్క వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు మోసుకుని చిలకమ్మ కొండ దిగింది. దినాలకి రమ్మని కబురు రాలేదు.

ఇంటికొచ్చి కమ్మీలు కట్టగట్టి అటక మీద పడేసింది. బ్లోల్యాంపు ఎక్కడిదక్కడ ఇచ్చెయ్యమంది. శ్రీరామ్మూర్తి ఇస్తానన్నాడు గానీ ఇవ్వలేదు, తుడిచి నూనె రాసి మంచం కింద దాచాడు. కుండలోకి వాననీళ్ళు పోయి బూడిద గడ్డకట్టింది. పూసల పగులు గురించి తను అబద్ధం చెప్పలేదని చిలకమ్మ తనకి తానే చెప్పుకునేది. ఆ మాట ఒక్కసారైనా ఊరటనివ్వలేదు.

వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం గంగాలమ్మ వచ్చింది. మెడ బోసిగా ఉంది. ఎండకి నల్లబడి, నాలుగైదేళ్ళు పెద్దదైనట్టుంది. మంచినీళ్ళు తాగింది. చిలకమ్మ, తప్పయిపోయింది అని మొదలెట్టబోయింది. గంగాలమ్మ ఆపింది.

"నీ మాట నమ్మి ఆ పూట కడుపు నిండా తిన్నాను. సానా రోజులు నీ మీద మండిపోయేను అప్పా, ఆడు నీళ్ళలో ఉంటే నాను పులుసన్నం తిన్నానే అని. ఇప్పుడు అనిపిత్తంది, ఆ ఒక్క పూటే కదా ఆడు నాకు ఇంకా బతికున్నాడు."

చిలకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గంగాలమ్మ లేచి పెరట్లోకి నడిచింది. అటక మీది కమ్మీలు దింపమంది, పని నేర్పమంది. సాయంత్రం ఇంటికొచ్చిన శ్రీరామ్మూర్తి ఇద్దర్నీ చూసి, మంచం కింద నుంచి బ్లోల్యాంపు తీసి ఇటుకల మధ్య పెట్టాడు. కొత్త బూడిద జల్లెడ పట్టారు, నిప్పులు వేశారు. గంగాలమ్మ చేసిన మొదటి పూస ఒక పక్కకి ఒరిగి, బుడగలతో వచ్చింది. నీలం రంగు. చిలకమ్మ అలవాటుగా కమ్మీ అందుకోబోయి, కుండ వంకా చెల్లెలి బోసి మెడ వంకా చూసి ఆగిపోయింది. నేను పెడతాలే, నువ్వు ముట్టుకోకు, అంది.

"బూడిదంటే నాకింక బయ్యమేటి అప్పా."

గంగాలమ్మ కమ్మీని బూడిదలోకి దించి, పైన ఇంకో గరిటెడు బూడిద కప్పి, కుండ మీద మూత పెట్టింది. తెల్లారేదాకా దాన్ని తియ్యకూడదని చిలకమ్మ చెప్పింది.