చీటీ వెనక వైపు

స్పెయిన్ పాటలు నా అంత విన్నవాడు సికింద్రాబాద్ మొత్తంలో లేడు. మెట్టుగూడ చర్చిలో గిటార్ నేర్పిన మాస్టారు నా ఈ మాట నమ్మి, ప్రతి ఆదివారం నా చేతిలో ఒక చీటీ పెట్టేవారు. దాని మీద ఒక స్పెయిన్ కళాకారుడి పేరు, ఎప్పుడు వినాలో ఉండేవి. ఏడుపు రాక గుండె బరువెక్కితే ఫ్లమెంకో పాడే ఫలానా ఆవిడ, కూర తరుగుతుంటే రుంబా పాడే అన్నదమ్ములు, కోపమొస్తే ఒక రాక్ బృందం.

మాస్టారికి చెవులు పూర్తిగా పోయాయి. మిషన్ పెట్టినా లాభం లేదన్నాడు డాక్టర్.

"మీరు విని రాయుండ్రి అన్నా, నేను చదువుకుంట," అనేవారు.

నేను చీటీ వెనక రాసిచ్చేవాణ్ని. చదువుతుంటే ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేసేవి.

ఒక వారం, "గొంతులో తేనె! చివర్లో వెక్కివెక్కి ఏడ్చాడు," అని రాశాను. వేళ్లు ఆగిపోయాయి.

"అన్నా, ఈయన పాడనే పాడడు. ఉత్త గిటారే."

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పటిదాకా నేను ఒక్కటీ వినలేదు. విన్నదల్లా బోయిగూడలో మా ఇంటి కుక్కర్ ఈలలే.

"జెర వినుండ్రి అన్నా. నాకు మీ చెవులే మిగిలినయ్," అన్నారు.

ఆ వారమంతా ఫోన్‌లో ఆ గిటారే విన్నాను. తీగ మీద వేలు జారే చప్పుడుతో సహా, విన్నది విన్నట్టు నాలుగు పేజీలు రాసి ఆదివారం ఇచ్చాను. మాస్టారు చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మంచిగ రాసిండ్రు," అన్నారు.

నా అబద్ధాలకు తాళం వేసిన వేళ్లు, ఇది చదివినంతసేపూ కదలలేదు. మళ్లీ చీటీ ఇవ్వలేదు.