నాయన గోడ మీది డాక్టర్ సాబ్

మొన్న మా మేనకోడలు కాలేజీలో చర్చా పోటీ ఉందంటూ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. టోపీ మీద నక్షత్రం, పలచని గడ్డం, ఎక్కడికో దూరంగా చూస్తున్న కళ్ళు, కుర్రకారు చొక్కాల మీద మనమంతా చూసిన ఆ విప్లవకారుడి బొమ్మ, దాని కింద "హీరోనా? విలనా?" అని అచ్చేసి ఉంది. ఏ పక్షం తీసుకోమంటావు మామా అని అడిగింది. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లో ఏళ్ళకేళ్ళు కరెంట్ అఫైర్స్ నమిలి మింగినవాణ్ణి కదా, అడిగిందే తడవు పది పాయింట్లు చెప్పేస్తానని దాని నమ్మకం. నేను మాత్రం అత్తను అడుగమ్మా అని తప్పించుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్నకు నేను ఒకసారి ఖరాకండిగా జవాబు చెప్పి ఉన్నాను, ఆ సంగతి ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2011 ప్రాంతం. ఒకవైపు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం, మరోవైపు ఇదిగో అదిగో అంటూ రాని నోటిఫికేషన్లు. అశోక్‌నగర్‌లో ప్లైవుడ్ గోడలతో మూడుగా చీల్చిన ఒక గదిలో ఒక ముక్క మాది. మాది అంటే నాదీ, మా పెద్దమ్మ కొడుకుదీ. వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకు అన్న. తెల్లవారుతూనే చిక్కడపల్లి లైబ్రరీ ముందు బ్యాగులు వరసలో పెట్టి, గేటు తీయగానే కుర్చీల కోసం పరుగెత్తడం, పొద్దు వాలాక నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి ఒక ప్లేటు మిర్చీలు ఇద్దరం పంచుకోవడం, ఇదీ మా దినచర్య. ఏ జవాబు రాసినా ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని మూడు ముక్కలు చేసి, ముఖ్యమైన మాటల కింద గీత గీయడం మాకు ఎంత అలవాటైపోయిందంటే, ఇంటికి ఉత్తరం రాసినా ముగింపు కింద గీత పడేది.

మా నాయన పాలమూరు నుంచి వలస వచ్చిన తాపీ మేస్త్రి. అమ్మ మా చిన్నప్పుడే పోతే, నన్నూ చెల్లెల్నీ మేనత్త దగ్గర వదిలి, ఊళ్ళు పట్టుకు తిరిగి పనిచేసి మమ్మల్ని చదివించాడు. అప్పట్లో బాగ్ లింగంపల్లిలో లేస్తున్న ఒక అపార్ట్‌మెంటులో పని, అక్కడే రేకుల షెడ్డులో కాపురం. ఆదివారం ఆయనకు సెలవు. ఆ రోజు అన్నా నేనూ వెళ్ళి ఆయన వండిన కోడిగుడ్ల పులుసు తిని సాయంత్రం దాకా ఉండేవాళ్ళం. నా తండ్రిని చూడడానికి నాతో పాటు అన్న వస్తున్నాడని మొదట్లో అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు లెక్క తిరగబడింది.

అన్నకు మాట చెప్పడం తెలుసు. వైద్యం చదివి, దాన్ని వదిలి, పరాయి దేశం పేదల కోసం అడవుల్లో ఉబ్బసంతో తుపాకీ పట్టుకు తిరిగిన ఆ మనిషి కథను వాడు వారానికి కొంచెం చొప్పున నాయనకు చెప్పేవాడు. ఆ పేరు నాయన నోరు తిరగక డాక్టర్ సాబ్ అనేవాడు. నాకూ ఇప్పటికీ ఆయన డాక్టర్ సాబే. గెలిచి మంత్రి అయ్యాక కూడా సెలవు రోజున వెళ్ళి చెరకు కొట్టేవాడని, ఇళ్ళు కట్టేచోట కూలీలతో పాటు బరువులు మోసేవాడని చెప్పిన రోజు నాయన మొహం చూడాలి.

"ఐతారం గూడ పనికి పోయిండా? ఆయనకు జర సెప్పకపోయినర్రా, మేం ఆ ఒక్క దినం కోసమే బతుకుతమని!" అని పగలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. మరుసటి వారం అన్న ఏదో పాత పత్రికలోంచి డాక్టర్ సాబ్ బొమ్మ కత్తిరించి తెస్తే, నాయన దాన్ని అన్నం మెతుకులతో రేకు గోడకు, గడ్డం గీసుకునే అద్దం పక్కన అతికించుకున్నాడు. నా డిగ్రీ ఫోటో ట్రంకు పెట్టెలో ఉండేది.

నాకు ఎక్కడ కాలిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. పులుసులో గుడ్డు మొదట అన్న కంచంలో పడేది. నేను ఒక్కణ్ణే వెళితే చెప్పులు విప్పకముందే అన్న రాలేదా అని ప్రశ్న. నాతో మాటలు నోటిఫికేషన్ పడ్డదా, తిన్నవా, ఒంట్లో బాగుందా అనేంతవరకే. నాలుగో మాట ఇద్దరికీ దొరికేది కాదు. నేను కూడా ఆయన్ని ఏమీ అడిగేవాణ్ణి కాను, ఆ ముక్క ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం నా తండ్రిని అన్న కథలతో ఎత్తుకుపోతున్నాడని కడుపు మండిపోయేది. అన్నను ఏమీ అనలేక డాక్టర్ సాబ్ మీద పడ్డాను.

రెండు వారాలు సిలబస్ పక్కన పెట్టి లైబ్రరీలో డాక్టర్ సాబ్‌కు వ్యతిరేకంగా దొరికిందల్లా చదివాను. దొరికింది తక్కువేమీ కాదు. గెలిచాక కోటలో పెట్టిన జైలు, సరైన విచారణ లేకుండా వేసిన మరణశిక్షలు, అన్నిటికంటే నాకు నిధి దొరికినట్టు అనిపించింది ఒక రైతు సంగతి. తమతోనే కొండల్లో తిరిగి శత్రువుకు ఆచూకీ అమ్ముకున్న ఆ పేదరైతును డాక్టర్ సాబ్ స్వయంగా కాల్చాడు. ఇది అన్న ఒక్కనాడూ చెప్పలేదు. వాడికి తెలియదని సంతోషించాను, తెలిసి దాచాడేమోనని ఇంకా సంతోషించాను.

అన్న జ్వరంతో గదిలో పడుకున్న ఒక ఆదివారం నేను ఒక్కణ్ణే వెళ్ళాను. రెండు తెల్ల కాగితాల మీద ఉపోద్ఘాతం, విషయం, ముగింపు రాసుకుని, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని మరీ వెళ్ళాను. చదువురాని తండ్రి ముందు సిమెంటు బస్తా మీద కూర్చుని పరీక్ష జవాబులా అప్పజెప్పాను. నవ్వొస్తుంది ఇప్పుడు, సిగ్గు కూడా వేస్తుంది. నాయన మధ్యలో ఒక్కటే అడిగాడు, ఆ రైతు వాళ్ళ మనిషేనా అని. అవును, వాళ్ళ మనిషే అన్నాను. నా ముగింపు మాత్రం కాగితంలో లేనిది, కోపంలో దానంతటదే వచ్చింది.

"పేదోళ్ళ కోసమని చెప్పి తన తోటోని మీదనే చెయ్యి లేపినోడు ఏం మంచోడు నాయనా? వాడు విలనే."

"గంతేనంటవా?" అన్నాడు.

గంతే అన్నాను. ఆయన లేచి, బకెట్ తీసుకుని, సెలవు రోజైనా సరే, కొత్తగా కట్టిన గోడకు నీళ్ళు కొట్టడానికి వెళ్ళిపోయాడు. మరుసటి వారం వెళ్ళేసరికి రేకు మీద ఎండిన మెతుకులు మాత్రం ఉన్నాయి, బొమ్మ లేదు. ఆ సాయంత్రం నారాయణగూడలో అన్నకు నేనే మిర్చీలు ఇప్పించాను. ఎందుకురా ఇంత ఖుషీగా ఉన్నవ్ అని వాడు అడిగితే ఏం లేదన్నాను.

ఆ తర్వాత నాయన కథలు అడగడం మానేశాడు. అన్న ఒకటి రెండుసార్లు మొదలుపెట్టినా ఆయన పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాడు. నాకు మాత్రం అందులోంచి ఏమీ దక్కలేదు. ఆయన నవ్వు నా వైపు తిరుగుతుందనుకున్నాను, అది ఎటూ తిరగకుండా ఆగిపోయింది. కొన్నాళ్ళకు అన్నకు టీచరు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది నాకూ ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ దొరికింది. నాయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను, ఆయన ఉన్నన్నాళ్ళూ మేం అలాంటి మూడు మాటలతోనే సర్దుకున్నాం.

ఆయన పోయాక, దినకర్మల భోజనాలు అయిపోయి అందరూ వెళ్ళిన మధ్యాహ్నం, అన్నా నేనూ మిగిలాం. దుఃఖంలో కూడా నా బుద్ధి పోలేదు. ఆ ఆదివారం నీ హీరోను నాయన గోడ మీంచి దించింది నేనేనని, రైతు సంగతి నువ్వు దాస్తే నేను చెప్పానని, గొప్పగానే చెప్పాను. అన్న చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"సిన్నాయన బొంబాయి సంగతి నీకెన్నడు సెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. అన్న చెప్పాడు. నేను పుట్టకముందు బొంబాయిలో పరంజా మీంచి ఒక కూలీ పడిపోతే, గుత్తేదారు ఆస్పత్రికి తీసుకుపోనన్నాడట. మా నాయనే ముందు నిలబడి అందరి చేతా పని ఆపించాడట. రెండు రోజులకు గుత్తేదారు దిగివచ్చాడు గానీ, ఈలోగా మా ఊరివాడే ఒకడు అందరినీ కాదని పనిలోకి ఎక్కబోతే నాయన పార కట్టెతో కొట్టాడట. ఆ మనిషి కుడిచెయ్యి మళ్ళీ తాపీ పట్టలేదు. నేను లైబ్రరీలో కుర్చీ కాసుకుంటూ రాలేకపోయిన ఒక ఆదివారం నాయన ఇదంతా చెప్పి, డాక్టర్ సాబ్ ఎప్పుడన్నా ఇట్లాంటి తప్పు చేసిండా అని అన్నను అడిగాడట.

"రైతు ముచ్చట నాకు తెల్వదనుకున్నవా? ఆయన గట్ల అడిగినంక నేనెట్ల సెప్త?" అన్నాడు అన్న.

ఇప్పుడు బాగ్ లింగంపల్లి వైపు వెళితే ఆ అపార్ట్‌మెంటు రంగు వెలిసి పాతబడి కనిపిస్తుంది. అశోక్‌నగర్ గదుల్లో ఏసీలు వచ్చాయి, కుర్రవాళ్ళు ఏ మనిషి మంచీ చెడ్డా అయినా ఫోనులో క్షణంలో చదివేసుకుంటున్నారు, బ్యాగులు వరసలో పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదు. డాక్టర్ సాబ్ హీరోనో విలనో నాకు నిజంగా తెలియదు. బరువు మోసిన చేతులూ కాల్చిన చేతులూ ఒక్క మనిషివే, అంతకు మించి చెప్పలేను. మా నాయన గురించి అయితే ఆ మాట ఆయనతోనే చెప్పి ఉండాల్సింది, ఆ రోజు దాటిపోయింది.

అన్న మీద నా అసూయ చావలేదు, పైగా పెరిగింది. ఆ బొంబాయి సంగతి చెబుతున్నప్పుడు నాయన గొంతు ఎలా ఉందో, కళ్ళు తుడుచుకున్నాడో లేదో వాడికి తెలుసు. నా తండ్రి గురించి నాకు తెలియాల్సినవన్నీ నేను వాణ్ణి అడిగే తెలుసుకోవాలి. ఫోను చేసినప్పుడల్లా అడుగుదామనుకుంటాను, పిల్లలు బాగున్నారా, ఒంట్లో బాగుందా అని పెట్టేస్తాను.