మాట్లాడుతూ నడవాల్సిన దారి

మంచెకు బ్యాటరీలు మోసే పని అంతకుముందు ఆమె భర్తది. కొండ కొమ్మున అడవి మంటలు కనిపెట్టే మంచె ఉంది. అక్కడ కాపలా ఉండే తాత వైర్‌లెస్ సెట్టుకు ఛార్జి చేసిన బ్యాటరీలు రోజూ పైకి చేర్చాలి, అయిపోయినవి కిందికి దించాలి. ఎలుగుబంటి భర్త ముఖం సగం చీల్చేశాక ఆ బరువు ఆమె వీపుకెక్కింది. ముందువైపు, గుండెకు కట్టుకున్న గుడ్డలో పాప. పాపను ఇంట్లో ఉంచడం కుదరదు. తండ్రి ముఖం చూస్తే గుక్కపట్టి ఏడుస్తుంది.

ఆ అడవిలో నడిచేవాళ్లెవరూ నోరు మూసుకోరు. మనిషి అలికిడి ముందే వింటే ఎలుగు తనంతట తనే తప్పుకుంటుంది. ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. అందుకే ఆమె దారి పొడుగునా గట్టిగా మాట్లాడేది. కారే ఇంటికప్పు గురించి, ఇంత జరిగినా పలకరించడానికి రాని ఆడపడుచు గురించి.

“ఏమ్మా, ఇవాళ మీ ఆడపడుచుని బాగానే కడిగేశావు. ఇక్కడిదాకా వినపడింది” అనేవాడు తాత.

“వినాల్సినావిడకి తప్ప అందరికీ వినపడుతుంది తాతా!”

ఆ పొద్దున మంచు చెట్ల మధ్య కదలకుండా నిలబడి ఉంది. రాత్రంతా జ్వరంతో వేగిన పాప వాగు దాటాక నిద్రపోయింది. ఆ చిన్న ఊపిరి మెడ కింద తగులుతుంటే ఆమెకు నోరు తెరవబుద్ధి కాలేదు. మలుపు దాకానే కదా అనుకుంది. తడి ఆకులు అడుగుల చప్పుడును కూడా మింగేశాయి.

మలుపు తిరగగానే ఎలుగు. పక్కన పిల్ల. కుళ్లిన మొద్దును తవ్వుతున్న తల్లి తలెత్తి, వెనక్కాళ్ల మీద లేచింది.

పరుగెత్తకూడదని ఆమెకు తెలుసు. పాప చుట్టూ చేతులు బిగించి, వెనక్కి అడుగులు వేస్తూ మాట్లాడింది. ఆడపడుచు గుర్తు రాలేదు, నోటికి భర్తే వచ్చాడు.

“నీకేం, ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటావు. నేనొక్కదాన్నే చావాలి. దాన్ని ఒక్కసారి ఎత్తుకోరాదూ? ఏడిస్తే ఏడుస్తుంది. నిన్ను చూస్తే నాకూ ఏడుపే వస్తుంది, ఉండట్లేదూ నీతో?”

పాప లేచి ఏడుపు అందుకుంది. ఎలుగు ఒక్క ఉరుకు ముందుకు ఉరికి ఆగింది. గాలిని వాసన చూసింది. తర్వాత పిల్లను ముందు పెట్టుకుని పొదల్లోకి దిగిపోయింది.

తాత మంచినీళ్లిచ్చి, జరిగింది విన్నాడు. ఆ రోజు నవ్వలేదు.

“మళ్లీ పాపతో వస్తే పైవాళ్లకి చెప్పేస్తాను తల్లీ. పని పోయిందని తిట్టుకున్నా సరే.”

ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది, అడవిలో తానన్న మాటలు తప్ప. అతను గోడవైపే తిరిగి విన్నాడు. మర్నాడు ఆమె బ్యాటరీలు సర్దుకుంటుంటే లేచి కూర్చున్నాడు.

“దాన్ని ఇలా ఇవ్వు.”

ఒళ్లోకి రాగానే పాప వంకర్లు తిరిగిపోయింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చిరిగిన పెదవిలోంచి మాట సగం గాలిగా వచ్చింది.

“కిటికీలు మూసెయ్యి. చీకట్లో అయితే ఏడవదేమో.”

బయట అప్పుడే పొద్దు పొడుస్తోంది. ఆమె రెండు కిటికీలూ మూసింది.