హరకేకే వేళ్లలో దొరికింది: ఆల్బనీకి ఒక రోజు

నమూనాలో ఏ పదార్థముందో చెప్పే యంత్రం మా ల్యాబ్‌లో రిపేర్‌లో ఉండబట్టి, ఊరికి ఉత్తరపు చివరన ఉన్న ఆల్బనీ వెళ్లాల్సి వచ్చింది. హరకేకే అనే మొక్క వేళ్లను ఈ దేశపు ఆదివాసులైన మావోరీలు కాచి మందుగా వాడేవారు. ఆల్బనీలో ఉండే హినె అనే పెద్దావిడ, డ్రైవ్‌వే కోసం తవ్వేస్తున్న దుబ్బును నాకిచ్చారు. వాళ్లమ్మ ఎక్కడి నుంచో తెచ్చి నాటి, మందు కాచిన రకం అది. షరతు ఒకటే: "లోపల ఏముందో ముందు నాకే చెప్పు." ఎనిమిది నెలలు ఆ వేళ్లను ఎండబెట్టి, నూరి, ద్రావకంలో నానబెట్టి, వడగట్టి విడదీస్తే చివరికి సీసా అడుగున రెండు చుక్కల నూనె మిగిలింది. మిగతాదంతా పనికిరాదని పారబోశాను. ఇది కొత్త పదార్థమేనని తెలుగువాళ్ల పాట్‌లక్‌లో డప్పు కూడా కొట్టుకున్నాను.

ఉదయం ఏడుంబావుకు మౌంట్ ఆల్బర్ట్‌లో రైలెక్కి, సిటీలో దిగి, బస్సులకే వేసిన బస్‌వే రోడ్డు మీద వెళ్లే బస్సు పట్టుకుంటే ఎనిమిదిన్నరకు ఆల్బనీ. రానూపోనూ పదిహేను డాలర్లు ట్రావెల్ కార్డులో ఉంచుకుంటే చాలు. దారిలో వచ్చే పెద్ద వంతెన మీద నుంచి సముద్రం బాగుంటుందంటారు. నేను ఒళ్లోని సీసానే చూస్తూ కూర్చున్నాను.

అక్కడి ల్యాబ్‌లో యంత్రం నడిపేది కాకినాడ నుంచి వచ్చి సెటిలైన విజయ ఆంటీ. పది నిమిషాల్లో తెర మీద గీతలొచ్చాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "దీన్ని ప్లాస్టిక్ బాటిల్‌లో గానీ స్టోర్ చేశావా?" అన్నారు.

"గాజువి ఖాళీ లేక... మూడు రోజులే, ఆంటీ."

"ఇది వేరులోది కాదమ్మా. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలుపుతారే, అదీ. నువ్వేం ఫస్ట్ కాదులే, నెలకొకరు పట్టుకొస్తారు. టీ తాగుతావా?"

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, నా మీద నాకే. టీ వద్దని బయటపడ్డాను.

బస్ స్టేషన్ నుంచి హినె ఇల్లు ఇరవై నిమిషాల నడక. మాటిచ్చాను కాబట్టి వెళ్లాను. దుబ్బు ఉన్నచోట కాంక్రీటు పోసేశారు. జరిగింది చెప్పాక ఆవిడ అడిగారు:

"మరి అమ్మ కాచిన దాంట్లో ఏముండేది?"

"తెలీదు."

"వేళ్లు కొన్నయినా మిగిలాయా?"

"లేవు. మొత్తం నూరేశాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. హరకేకే ఈ ఊళ్లో ప్రతి రోడ్డు పక్కనా ఉంటుంది, నా థీసిస్ ఎలాగో గట్టెక్కుతుంది. వాళ్లమ్మ మొక్క మాత్రం ఇక లేదు, దాన్ని ఆఖరి వేరు దాకా వాడేసి ఆవిడకు నేను చెప్పగలిగింది ప్లాస్టిక్ పేరు. నమూనా పట్టుకుని ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట: వేరు వేయకుండా ఉత్త ద్రావకాన్ని కూడా అవే సీసాల్లో పోసి, అన్ని దశలూ దాటించి, దాన్నీ వెంట తీసుకెళ్లండి. అందులోనూ అవే గీతలొస్తే, దొరికింది వేరులోది కాదని అప్పుడే తెలిసిపోతుంది. ఒక్క పూట పని. నేను ఆ పూట మిగుల్చుకున్నాను.