వెళ్లని శనివారాలకు నా సంతకం

మొన్న సిడ్నీ శివారు గిరావీన్‌లో మా పక్కింటావిడ ఫోను చేసి, "అంకుల్, మా అమ్మాయి మెడిసిన్‌కి అప్లై చేస్తోంది. మీరు ఒకప్పుడు తెలుగు అసోసియేషన్ సెక్రటరీ కదా, ఏదో వాలంటీరింగ్ చేసినట్టు ఒక లెటర్ ఇవ్వండి" అని మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగింది. కుదరదన్నాను. ఎందుకో ఆవిడకు చెప్పలేకపోయాను గానీ, నా ఈడువారు మీరు, మీకు చెబుతాను.

వై2కె పుణ్యమా అని, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని మీద సిడ్నీ వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మనకు తెలిసిందల్లా ఎంసెట్ ర్యాంకు. ఇక్కడ డాక్టరీకి మార్కులొక్కటే చాలవని, ఇంటర్వ్యూకి పిలిచి చదువు కాక ఇంకేం చేశావని అడుగుతారని విని నిర్ఘాంతపోయాను. బంతి ఆడేవాడికి రోగం కుదర్చడం వస్తుందా అని ఆఫీసులో అందరి దగ్గరా గింజుకున్నాను.

పదకొండో తరగతిలో ఉన్న మా అమ్మాయి మాత్రం, స్టేషన్ దగ్గరి వృద్ధాశ్రమానికి శనివారాలు వెళ్లి అక్కడివాళ్లకు పేపరు చదివిపెడతానంది. శనివారం ట్యూషన్ కదమ్మా, సేవ చేసినట్టు ఉత్తరం సంగతి నేను చూసుకుంటాలే అన్నాను. మరుసటేడు దరఖాస్తు వేళకు చూసుకున్నాను కూడా. మా సంఘం తరఫున రెండేళ్లు అక్కడ సేవ చేసిందని రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది, తను వద్దంటున్నా దరఖాస్తుతో పాటు నేనే పంపాను. అడిగినవాళ్ల పిల్లలందరికీ అలాగే ఇచ్చేవాణ్ణి. మనవాళ్లకు సాయం అనుకున్నానే తప్ప అబద్ధమని తోచనే లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక కారెక్కి, "అక్కడ నీకు బాగా గుర్తున్న ఒక్క మనిషి గురించి చెప్పమన్నారు నాన్నా. ఐ నెవర్ వెంట్ అని చెప్పేశా. లెటర్ మా డాడ్ రాశారని కూడా" అంది. ఎవరో ఒకరిని కల్పించి చెప్పలేకపోయావా అన్నాను. అప్పుడు తను నావైపు చూసిన చూపుకు, కన్నకూతురి ముందు మొదటిసారి తలదించుకున్నాను.

సీటు రాలేదు. ఇప్పుడు ఈ సేవలకూ కోచింగులు వచ్చాయట, ఫొటోలు తీసి, గంటలు నమోదు చేసి, మా కాలపు రబ్బరు ముద్ర కన్నా ఎంతో పకడ్బందీగా నడిపిస్తారట. ఆ రోజుల్లో మా ఇంట్లో మారిపోయింది మాత్రం ఇంకొకటి. అంతకుముందు ఏ ఫారమైనా నా దగ్గరికే తెచ్చి, సరిగ్గా ఉందా నాన్నా అని అడిగేది. ఆ ఏడాది యూనివర్సిటీలో వేరే కోర్సుకు కాగితాలు నింపుతుంటే నేను పక్కనే కూర్చుని కలం తీశాను. అవసరం లేదు నాన్నా, అంది, ఎంతో మర్యాదగా. ఇరవై ఏళ్లు దాటినా ఆ మర్యాదే నాకు కొరుకుడుపడదు.